గోడకెక్కిన వియ్యంకుడు

నేరేడులంకలో కోటిలింగం ఇంటివాళ్ళకి తెలివి ఎక్కువ. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు, వాళ్ళు చెప్పుకున్నదే. ఊళ్ళోవాళ్ళని అడిగితే ఇంకోలా చెబుతారు గానీ, ఊళ్ళోవాళ్ళకి తెలివి లేదని కోటిలింగం ఎప్పుడో తేల్చేశాడు. గాలి వీచే రోజున ఆయన చెవులమీదుగా తువ్వాలు చుట్టుకోకుండా వీధిలోకి వచ్చేవాడు కాదు. అదేంటండీ అంటే, చెవుల్లోంచి తెలివి ఎగిరిపోతుంది కదండీ, మీకైతే భయం లేదు, మా బోటివాళ్ళే జాగ్రత్తగా ఉండాలి అనేవాడు.

ఆయన భార్య తాయారమ్మ. ఆవిడ తమ్ముడు అప్పలకొండ అక్క పెళ్ళికి వచ్చి, భోజనం బాగుందని ఉండిపోయాడు. కోటిలింగం దంపతులకి ఒక్కడే కొడుకు, సూరిబాబు. నలుగురిదీ ఒకటే పద్ధతి. ఎవరేం చెబితే అది చెప్పినట్టు చెయ్యాలి. అరకొర తెలివి ఉన్నవాడు సొంతంగా ఆలోచిస్తాడు, నిండా ఉన్నవాడికి ఆ ఖర్మేంటి అని వాళ్ళ వాదన.

సూరిబాబు బాధ వేరు. వాడికి ముప్పై దాటింది. సంబంధాలు వస్తూనే ఉన్నాయి, ఆడపిల్లవాళ్ళు ఇల్లు చూడ్డానికి వస్తూనే ఉన్నారు, ఇంటినీ ఇంట్లోవాళ్ళనీ చూసి మంచినీళ్ళైనా ముట్టకుండా పోతూనే ఉన్నారు. ఇదివరకైతే వాడూ పట్టించుకునేవాడు కాదు. ఈసారి అలా కాదు. ఏటి అవతల కందులపాలెం పిల్ల వరహాలు రోజూ పడవ దాటి వచ్చి, నేరేడులంకలో కుట్టుపని చేయించే శేషారత్నం దగ్గర బట్టలు కుట్టేది. ఒకసారి వీడి చొక్కాకి ఊడిన గుండీ కుట్టిచ్చి, "మళ్ళీ ఊడితే తీసుకురండి" అంది. అంతే, మర్నాటి నుంచి వీడికి రోజూ గుండీ ఊడటం మొదలైంది. తన చొక్కాలవి అయిపోయాక తండ్రివి, అవీ అయిపోయాక దిండు గలీబులవి తెంపి పట్టుకెళ్ళాడు. ఆ పిల్ల కుట్టీ కుట్టీ, నవ్వీ నవ్వీ, చివరికి తనే శేషారత్నం చేత కబురు పెట్టించింది. వరహాలు నాన్న గవరయ్య శుక్రవారం ఇల్లు చూడ్డానికి వస్తాడని ఆ కబురు.

"ఈ సంబంధం కూడా పోతే నేను సన్యాసుల్లో కలిసిపోతాను" అన్నాడు సూరిబాబు కళ్ళ నీళ్ళతో.

"కలుపుకుంటారో లేదో ముందు వాళ్ళని అడిగావురా?" అంది తాయారమ్మ.

సోమవారం పొద్దున్నే శేషారత్నం వచ్చి చావిడంతా కలియజూసింది. ఎదురుగా పెద్ద చెక్కగోడ, సున్నం వేసి ఉంది. దాని మీద రోజుకో కాగితం చించే క్యాలెండరు తప్ప ఇంకేమీ లేదు.

"గోడ మరీ బోసిగా ఉందత్తా" అంది శేషారత్నం. "ఏమీ కొనక్కర్లేదు, పాత బట్టలుంటే చాలు. పువ్వుల చీరలో పువ్వులు కత్తిరించి మైదా జిగురుతో అంటించండి, తోటలా ఉంటుంది. పాత చొక్కా జేబొకటి మేకులతో కొట్టండి, దువ్వెన పెట్టుకోవచ్చు. మనిషి నిలబడితే జేబు ఎక్కడుంటుందో సరిగ్గా ఆ ఎత్తున ఉండాలి, అప్పుడే చెయ్యి అందుతుంది."

"ఇంకా?" అన్నాడు కోటిలింగం, ఒక్క మాట కూడా జారిపోకుండా తువ్వాలు బిగించుకుంటూ.

"ఇంకేముంది, అంతే" అని శేషారత్నం వెళ్ళిపోయింది. జేబుని చొక్కాలోంచి ఊడదీయాలని ఆవిడ చెప్పలేదు. మామూలువాళ్ళకైతే చెప్పక్కర్లేదు కదా మరి.

వెంటనే పాత బట్టల కోసం ఇల్లంతా వెతికారు. ఒక్కటీ లేదు. మొన్ననే స్టీలు సామాన్లావిడ వస్తే పాత బట్టలన్నీ మూటగట్టి ఇచ్చి, తాయారమ్మ ఇడ్లీపాత్ర తీసుకుంది.

"అయితే మన పాత బట్టలు ఇప్పుడు ఇడ్లీపాత్ర అయ్యాయన్నమాట. దాన్నే కత్తిరిద్దాం పట్టు" అన్నాడు అప్పలకొండ. ఇంకేముంది, నలుగురూ కలిసి కత్తెర పట్టుకుని ఇడ్లీపాత్ర మీద పడ్డారు. పాత్రకి సొట్ట పడింది, కత్తెరకి నోరు వంకరపోయింది. పొరుగింటికి వెళ్ళి ఇంకో కత్తెర తెచ్చుకున్నారు.

ఇక మిగిలినవి ట్రంకుపెట్టెలోని కొత్త బట్టలు. సూరిబాబు పెళ్ళి ఎప్పటికైనా జరక్కపోతుందా అని కోడలికి ఒక పువ్వుల చీర, మావగారి హోదాలో వేసుకోడానికి కోటిలింగానికి ఒక చొక్కా కొని దాచారు. రెండూ మడత విప్పనివి.

"కొత్తవి పాతవెలా అవుతాయి?" అంది తాయారమ్మ.

"రోజులు గడిస్తే అవుతాయి" అన్నాడు కోటిలింగం.

"రోజులెక్కడున్నాయి? అదిగో, గోడ మీద" అన్నాడు అప్పలకొండ. బావ తువ్వాలు తీసి బావమరిది తలకి చుట్టాడు, అంత మెచ్చుకున్నాడు.

అంతే. చీరనీ చొక్కానీ క్యాలెండరు కింద పీట మీద పెట్టి, అప్పలకొండ కాగితాలు చించడం మొదలెట్టాడు. శ్రావణం చిరిగిపోయింది. వినాయక చవితి వచ్చింది.

"ఆగరా, పండగ పూట నోరు తీపి చెయ్యకుండా చించేస్తావా?" అని తాయారమ్మ పరిగెత్తుకెళ్ళి బెల్లం ముక్క తెచ్చి అందరి నోట్లో పెట్టింది. దసరాకి ఇంకో ముక్క. దీపావళికి అగ్గిపుల్ల గీసి ఆర్పారు. కార్తీకంలో అందరికీ చలేసింది. కోటిలింగం దుప్పటి కప్పుకుని దగ్గాడు కూడా. ఆఖరి కాగితం చిరిగేసరికి చెమటలు పట్టిన అప్పలకొండ చతికిలబడి, "నాకు వయసు మీద పడిపోయిందక్కా" అన్నాడు.

బట్టలు పాతబడ్డాయి కాబట్టి చీర కత్తిరించారు. ఒక్క పువ్వు వదలకుండా కోసి గోడకి అంటించారు. మిగిలినది చిల్లుల చీర. దాన్ని తాయారమ్మ పారెయ్యలేదు. నీళ్ళు చిలకరించి మడిచి పెట్టెలో పెట్టింది. మల్లె అంటు పూలు కోసేస్తే మళ్ళీ పుయ్యదా, ఇదీ అంతే అంది.

నిజానికి గోడ బాగానే ఉంది. నలుగురూ వెనక్కి నడిచి నడిచి చూసుకుని మురిసిపోయారు. అప్పుడు సూరిబాబు మొహం వాడిపోయింది.

"నాన్నా, మరి శుక్రవారం ఏమైంది?"

అందరూ నేల మీది కాగితాల కుప్ప వైపు చూశారు. శుక్రవారం ఎప్పుడో గడిచిపోయి ఆ కుప్పలో ఉంది. వాళ్ళు రాలేదు.

"మాటిచ్చి రానేలేదే, ఎంత పొగరు" అంది తాయారమ్మ. సూరిబాబు మాత్రం నిజంగానే ఏడ్చాడు. వాడి ఏడుపు చూస్తే మనకి నవ్వు రాకూడదు, పాపం, వాడి మటుకు ఆ పిల్ల చేజారి అయిదు నెలలైపోయింది. కళ్ళు తుడుచుకుని సరాసరి శేషారత్నం ఇంటికి వెళ్ళి వరహాలు ఎదుట నిలబడ్డాడు.

"మీరెందుకు రాలేదండీ?"

"ఎక్కడికండీ?"

"మా ఇంటికి. శుక్రవారం. అది వెళ్ళిపోయి చానాళ్ళైంది. పండగలు కూడా అయిపోయాయి."

వరహాలుకి సంగతంతా విన్నాక కుట్టుమిషను మీద తల వాల్చి నవ్వడంతోనే సరిపోయింది. నవ్వి నవ్వి, సరదాకి అంది: "అయితే పోయిన శుక్రవారాన్ని వెతికి మళ్ళీ గోడకి తగిలించండి. తప్పకుండా వస్తాం."

"ఆయ్, అలాగేనండి" అని వాడు ఒక్క పరుగు తీశాడు.

మైదా జిగురు ఇంకా మిగిలే ఉంది. కుప్పలో కాగితాలన్నీ ఏరి, ఒకదాని మీద ఒకటి అంటించి, అన్నిటికీ పైన శుక్రవారాన్ని పెట్టి క్యాలెండరు మళ్ళీ కట్టారు. ఆ సాయంత్రం పని ముగించుకుని వెళ్తూ వరహాలు గుమ్మంలోంచి తొంగిచూసింది. గోడ మీద శుక్రవారం కనిపించింది. ఈసారి నవ్వలేదు, కాసేపలా నిలబడి చూసి వెళ్ళిపోయింది.

ఆ క్యాలెండరు ఎండి ఇటుకలా బిగుసుకుపోయింది. కాగితం చిరగదు, శుక్రవారం కదలదు. మంగళవారం శుక్రవారమే, బుధవారం శుక్రవారమే. తాయారమ్మ రోజూ చుట్టాలకని గారెలు వండడం, రోజూ సాయంత్రం నలుగురూ కూర్చుని చుట్టాల గారెలు తినెయ్యడం.

దీనికి తోడు ఇంకో చిక్కు వచ్చింది. కాలాన్ని వెనక్కి అంటించారు కాబట్టి, కత్తిరించని చొక్కా మళ్ళీ కొత్తదైపోయింది. అది అప్పలకొండ కనిపెట్టాడు. మళ్ళీ చించుదామంటే చిరగదు. ఇక వేసుకుని పాతబెట్టడమే మార్గమని కోటిలింగం దాన్ని తొడుక్కుని, నీళ్ళు పోసుకోకుండా, పడుకున్నా లేచినా విప్పకుండా ఉన్నాడు. నిజం శుక్రవారం పొద్దుటికి చొక్కా బాగా మాసింది, కోటిలింగం దగ్గరికి కోళ్ళు కూడా రావడం మానేశాయి.

"ఇప్పుడు పాతదైంది. జేబు కొట్టేద్దాం" అన్నాడు అప్పలకొండ సుత్తి పట్టుకుని.

"ఆగు. మనిషి నిలబడితే జేబు ఎక్కడుంటుందో ఆ ఎత్తున ఉండాలంది" అని కోటిలింగం వెళ్ళి గోడకి ఎదురుగా, ఛాతీ ఆనించి నిలబడ్డాడు. జేబులో దువ్వెన పెట్టుకున్నాడు. "ఇదీ ఎత్తు. కానివ్వు."

ఇంకేముంది. అప్పలకొండ మెడ దగ్గర్నుంచి సుత్తి దూర్చి ఒక మేకు, కింద నుంచి దూర్చి ఇంకో మేకు కొట్టాడు. జేబొక్కటే అయితే బరువుకి జారుతుందని భుజాలమీదా, చుట్టూ అంచులమీదా కొట్టాడు. సూరిబాబు మేకులు అందించాడు. తాయారమ్మ దూరంగా నిలబడి వంకర లేకుండా చూసింది. అంతా అయ్యాక కోటిలింగం వెనక్కి అడుగు వెయ్యబోతే గోడ వదల్లేదు. గుండీలు విప్పుకుందామంటే గుండీలు గోడకీ ఆయనకీ మధ్యన పడ్డాయి.

"గట్టిగా వచ్చింది రా అప్పలకొండా" అన్నాడు ఆయన మెచ్చుకోలుగా.

ఆ మాట నోట్లో ఉండగానే గవరయ్య దిగాడు. వెనకాల వరహాలు, శేషారత్నం. ఆడపిల్ల ఇల్లు చూడ్డానికి రావడం ఆచారం కాదు గానీ, ఉండబోయేది నేను కదా అని వరహాలు బయల్దేరిందట.

"రండి బావగారూ, కూర్చోండి, కూర్చోండి" అంది గోడ దగ్గరున్న వీపు.

గవరయ్య మర్యాదస్థుడు, కోపిష్ఠి. కుర్చీలో కూర్చుని ఆ వీపుని కాసేపు చూశాడు. "ఇలా తిరిగితే మాట్లాడుకుందాం" అన్నాడు.

"తిరక్కూడదండి. దువ్వెన పడిపోతుంది."

"ఏ దువ్వెన?"

"జేబులోదండి. గోడకి అలంకారం. మీ కోసమే."

"మా నాన్నగారు మీరొస్తారని తెల్లారే ఎక్కారండి" అన్నాడు సూరిబాబు వినయంగా.

గవరయ్య లేచి నిలబడ్డాడు. "సంబంధం కోసం వస్తే వీపు చూపించిన వియ్యంకుణ్ణి నేనెక్కడా చూడలేదు. పదమ్మా" అన్నాడు.

శేషారత్నం పమిట కొంగు నోట్లో కుక్కుకుంది. తాయారమ్మ గారెల పళ్ళెం పట్టుకుని అలాగే ఉండిపోయింది. సూరిబాబు గుమ్మానికి అడ్డం వెళ్ళాడు. వాడికి మాటలు రావు, అయినా వచ్చాయి.

"వెళ్ళకండి. మీరు వెళ్తే నేను మళ్ళీ గుండీలు తెంపుకోవాలి. మా ఇంట్లో ఇంక గుండీలు లేవండి. మీ అమ్మాయి లేకపోతే నాకు బాగోదు."

గవరయ్య వాణ్ణి పక్కకి తప్పించబోయాడు. అప్పుడు వరహాలు తండ్రి చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, మనింట్లో నా మాట ఎవరైనా విన్నారా ఎప్పుడైనా? చాలు అంటే ఇంకో గరిటె వడ్డిస్తారు. నీలం చీర అంటే ఎర్రది తెస్తారు. చదువుకుంటానంటే మిషను కొనిపెట్టారు. వీళ్ళని చూడు. నేను సరదాకి శుక్రవారాన్ని వెతికి తగిలించండి అంటే, కుప్పంతా వెతికి తగిలించారు. నేనన్న మాట గోడెక్కిన ఇల్లు ఇదొక్కటే. నన్ను ఇక్కడికే ఇవ్వు."

గవరయ్య మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు. కూతురు చెప్పింది వినడం ఆయనకి అదే మొదలు మరి, అలవాటు లేదు. క్యాలెండరు చూశాడు, గోడ నిండా పువ్వులు చూశాడు, వీపు చూశాడు. గారె ఒకటి తీసుకుని తిన్నాడు. అది బాగుంది.

"సరే" అన్నాడు చివరికి. "వచ్చే బుధవారం మంచి ముహూర్తముంది, మా ఊళ్ళోనే చేసేద్దాం. కానీ ఒక్క మాట. ఈ గోడ మీద ఇంకేమీ కొట్టకండి. ఉన్నవాటిని ఊడదీసి పాడుచెయ్యకండి. పెళ్ళయ్యేదాకా గోడ మీదున్నవి గోడ మీదే ఉండాలి. ఆపైన ఏం చేసుకోవాలో మా అమ్మాయి చెబుతుంది. మీరందరూ తరలిరావాలి, ముఖ్యంగా బావగారు."

"ఆయ్, అలాగేనండి" అన్నారు నలుగురూ.

మేం గడప దాటగానే ఆ మనిషిని విప్పుతారనుకున్నాడు గవరయ్య. ఎవరైనా అలాగే అనుకుంటారు.

కోటిలింగం గోడ మీదే ఉన్నాడు. మాటంటే మాటే. తాయారమ్మ పక్క నుంచి ముద్దలు పెట్టింది. నిద్రొస్తే నుదురు చెక్కకి ఆనించి పడుకునేవాడు. మిగతా విషయాలు అడక్కండి, పిల్లలు కూడా వింటున్నారు. ఊళ్ళోవాళ్ళు వచ్చి చూసిపోతుంటే, వీపుతోనే అందరినీ పలకరించేవాడు.

మంగళవారం వచ్చేసరికి అప్పలకొండకి దిగులు పట్టుకుంది. బావ గోడ మీదే ఉండాలి, బావ పెళ్ళికీ రావాలి. రెండూ గవరయ్యగారు చెప్పినవే, దేన్నీ కాదనడానికి లేదు. మధ్యాహ్నం దాకా బావ తువ్వాలు తన తలకి చుట్టుకుని కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఒక్కసారిగా లేచాడు.

"గోడ మీదున్నవి గోడ మీదే ఉండాలన్నారు గానీ, గోడ ఎక్కడుండాలో చెప్పలేదు కదక్కా!"

అంతే. వడ్రంగి పనిముట్లు అడిగి తెచ్చి, చెక్కగోడని చుట్టూ కోసేశారు. దాని మీద ఆనుకున్న అటక దిగొచ్చింది. అటక మీది పచ్చడి జాడీలు దిగొచ్చాయి. వెనక గదిలో కట్టేసిన మేక, కొత్తగా వీధి కనిపించేసరికి బయటికి నడిచి వెళ్ళిపోయింది. వీళ్ళకి అవేం పట్టలేదు. బుధవారం పొద్దున్నే గోడనీ, గోడ మీద వియ్యంకుణ్ణీ, పువ్వుల్నీ, శుక్రవారాన్నీ కలిపి పడవలో నిలబెట్టారు. నది మధ్యకి వెళ్ళేసరికి గాలి వచ్చి గోడకి కొట్టింది. పడవవాడు తెడ్డు వేసే పని లేకుండానే పడవ కందులపాలెం రేవుకి ఉరికింది. కోటిలింగం చెవులు మూసుకోడానికి తువ్వాలు లేక ఒకటే కంగారుపడ్డాడు, ఎంత తెలివి ఏట్లో పోయిందో ఏమో.

పందిట్లోకి గోడ నడిచొస్తుంటే సన్నాయి ఆగిపోయింది. గవరయ్య తల పట్టుకుని కూర్చున్నాడు. కానీ పెళ్ళికూతురు పీటల మీద కూర్చుని ఉంది, ముహూర్తం దగ్గర పడింది. పంతులుగారు అన్నీ చూసినవాడిలా మంత్రాలు చదువుకుపోయారు. సూరిబాబు మూడు ముళ్ళూ వేశాడు. ముడులు గట్టిగా పడ్డాయి. మెడలో తాళి పడ్డాక వరహాలు వాడి చొక్కా వైపు చూసింది. గుండీలన్నీ ఉన్నాయి. ఆ క్షణాన వాడంత సంతోషించినవాడు రెండు ఊళ్ళల్లో లేడు.

ఇక ఆశీర్వచనం. "వరుడి తల్లిదండ్రులు వధూవరుల వైపు తిరిగి అక్షింతలు వెయ్యాలి" అన్నారు పంతులుగారు.

కోటిలింగం వీపు పెళ్ళివాళ్ళ వైపుంది. తిరగాలంటే ఒకటే దారి. అప్పలకొండ, ఇంకో నలుగురు మనుషులు సాయం పట్టి గోడని గిర్రున ఇటు తిప్పారు. ఇప్పుడు కోటిలింగం సరిగ్గా కొడుకూ కోడలి వైపే తిరిగి ఉన్నాడు, కాదనడానికి లేదు. మధ్యలో గోడ ఉంది. ఇవతల సూరిబాబు, వరహాలు బూజు పట్టిన చెక్కలకి వంగి దణ్ణం పెట్టారు. అవతల తాయారమ్మ మొగుడి పక్కన నిలబడి పళ్ళెం అందించింది. కోటిలింగం రెండు చేతులా అక్షింతలు తీసుకుని, "శీఘ్రమేవ సుపుత్ర ప్రాప్తిరస్తు" అని గట్టిగా దీవించి ముందుకి చల్లాడు.

అక్షింతలు గోడకి తగిలి వెనక్కి వచ్చి, మొత్తం ఆయన నెత్తినా, తాయారమ్మ నెత్తినా పడ్డాయి. ఒక్క గింజ కూడా అవతలికి పోలేదు. తాయారమ్మ మొహానికి పమిట అడ్డం పెట్టుకుంది.

పెళ్ళయ్యేదాకానే కదా మాట, పెళ్ళయిపోయింది. వరహాలు గోడ చుట్టూ తిరిగి వచ్చి, శేషారత్నం సంచిలోంచి కత్తెర తీసుకుని, చొక్కాని వీపు మీద నిలువునా కత్తిరించింది. "ఇక రండి మావయ్యగారూ" అంది. కోటిలింగం వెనక్కి ఒక్క అడుగు వేసి బయటపడ్డాడు. తల దులుపుకోబోతే తాయారమ్మ చెయ్యి పట్టుకుని ఆపి, చెవిలో ఏదో చెప్పింది. ఆయన గంభీరంగా తలాడించి, నెత్తి మీది గింజ రాలకుండా మెల్లగా నడుచుకుంటూ, పంక్తిలో అప్పుడే కూర్చున్న శేషారత్నం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"అమ్మాయ్, పాత చీరతో ఉయ్యాల ఎలా కట్టాలో కాస్త వివరంగా చెప్పు. మీ అత్తకీ నాకూ శీఘ్రంగా కావాలి."